గుంటలో గండయ్య, గడపలో ముగ్గురు

పొద్దు చూరు దాటి వాకిట్లోకి దిగింది. గండయ్య మాత్రం మగ్గం గుంటలోంచి లేవలేదు.

చాయ్ ఇస్తే గుంటలో కాళ్ళు పెట్టుకునే తాగాడు. జొన్నరొట్టె ఇస్తే అక్కడే తిన్నాడు. ఏమడిగినా దారంతో అటూ ఇటూ ఉరికే నాడె పలుకుతోంది తప్ప మనిషి పలకడం లేదు. పొద్దున ఒక్కసారి నోరు విప్పి, "పీరు దట్టి మొదలువెట్టిన. కోసేదాంక లేవొద్దు, నీకెర్క లేదా," అన్నాడు. అంతే సంగతి.

ఆండాళుకు ఎరుకే. ఆ ఆచారం ఆ ఇంట్లో ఈనాటిది కాదు. పీర్ల పండుగకు పెద్ద పీరుకు కట్టే దట్టి, అంటే ఆ పొడుగాటి పట్టీ గుడ్డ, ఊళ్ళో వీళ్ళింటి మగ్గం మీదే నేస్తారు. నేయడం మొదలుపెట్టినవాడు కోసేదాకా లేవకూడదు. వాణ్ణి ఎవరూ లేపకూడదు. అయితే దట్టి ఎంత? ఐదు మూరలు. చేయి తిరిగినవాడికి రెండు గంటల పని. ఆండాళు మగ్గం మీదికి వంగి, చుట్టిన గుడ్డను వేళ్ళతో తడిమి చూసింది. పదకొండు మూరలు దాటింది. ఈయన ఇంకా నేస్తూనే ఉన్నాడు.

నేయకేం చేస్తాడు పాపం. దట్టి కోస్తే లేవాలి. లేస్తే గడప దాటాలి. గడపలో ముగ్గురున్నారు. ఆ ముగ్గురికీ, పీరుకు మొదటి దట్టి కట్టే వంతు నీదేనని మాటిచ్చిన మహానుభావుడు ఈయనే.

మొగుడు దాక్కోవడానికి మగ్గం గుంటను మించిన జాగా లేదని పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకు ఆండాళుకు తెలిసొచ్చింది.

ఆ ముగ్గురిలో మొదటి మనిషి పరాయిది కాదు. గండయ్యను కన్నతల్లి గుర్వమ్మ. పీరుకు వేసే ఎండుకొబ్బరి కుడకల దండ ఒళ్ళో పెట్టుకుని, గడపకు అడ్డంగా ఒక కాలు చాపుకుని కూర్చుంది. లోపలికి పోయేవాళ్ళు ఆ కాలు దాటాలి, దాటితే తిట్లు తినాలి.

రెండో మనిషి కృష్ణకాంత్ పటేల్. ఊరి సర్పంచి కుర్చీ ముప్ఫై ఏళ్ళు ఆయన ఇంట్లోనే ఉండేది. ఆయన మోకాళ్ళు అరిగాయని, నేల మీద కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. అందుకని ఎక్కడికి పోయినా స్కూటర్ వెనక ప్లాస్టిక్ కుర్చీ కట్టుకుని పోతాడు. ఇప్పుడు ఆ కుర్చీ ఆండాళు వాకిట్లో ఉంది. కుర్చీలో ఆయన ఉన్నాడు.

మూడో మనిషి నరసింహ. ఊరి చివరి వాడకట్టులో దప్పు కొట్టేవాళ్ళకు పెద్ద. భుజాన దప్పు వేసుకుని కానుగ చెట్టు కింద నిలబడ్డాడు. ఎనిమిది రోజులుగా పొద్దు పొడవకముందే మంట వేసి దప్పు కాచిన మనిషి, ఈరోజు కాచలేదు. కాచని దప్పు మోగదు. ఆ సంగతి నోటితో చెప్పాల్సిన పనిలేకుండా అందరికీ కనబడేట్టు పట్టుకుని నిలబడ్డాడు.

ఇక సర్పంచి ఎవరంటే, ఆండాళే. జనవరిలో గెలిచింది. సీటు ఆడవాళ్ళకు వచ్చిందని నిలబెట్టారు, నిలబడింది. ప్రమాణం చేయమన్నారు, చేసింది. చేసి ఇంటికొచ్చి ఎప్పటిలాగే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టుకుంది. కుర్చీలో కూర్చున్నది గండయ్య. నాలుగు రోజులు "సర్పంచ్ సాబ్" అని పిలిపించుకునేసరికి ఆయనకు కాదనే మాట గొంతులోనే ఎండిపోయింది. ఎవరేమడిగినా, "అయితది పో, నేనున్న గద," అనడమే. బోరు అడిగినా అయితది, బస్సు అడిగినా అయితది. మొదటి దట్టి అడిగినా అయితది. ముగ్గురడిగితే ముగ్గురికీ అయితది.

ఆండాళు ఏం చేయాలా అని నిలబడి ఉండగానే పీర్ల కొట్టం చూసుకునే హమీద్ సైకిల్ దిగి వచ్చాడు. గుర్వమ్మ కాలు దాటబోయి తిట్లు తిన్నాడు, సలాం పెట్టి గోడవారగా వచ్చి ఆండాళును పక్కకు పిలిచాడు.

అతను రెండు సంగతులు చెప్పాడు. రేపు పొద్దున సవారి, పీర్ల ఊరేగింపు. దప్పు లేనిదే పీరు లేవదు. దప్పువాళ్ళు కొట్టం ముఖం చూడలేదు. అదొకటి. రెండోది, మధ్యాహ్నం దాకా చూసి, ఇక్కడ పంచాయితీ తెగకపోతే తన ఇంటి అరుగు మీద తానే తెంపుతానని పటేల్ నలుగురితో చెప్పి పెట్టాడు. వాళ్ళ నాయిన కాలంలో తెంపినట్టు.

"పీరుకైతే ఏం ఫికర్ లేదు వదినా," అన్నాడు హమీద్. "ఎవని గుడ్డ గట్టినా గట్టించుకుంటడు. ఫికరంత మనోళ్ళకే. గాని ఒక్కమాట. పంచాయితీ ఇయ్యాల ఆ అరుగెక్కిందంటే మల్ల దిగది. ఇంక నాలుగేండ్లు నువ్వు కండెలే చుట్టుకోవాలె."

అతను ఏడిపించడానికి అనలేదు. ఉన్నమాట అన్నాడు. అయినా ఆండాళుకు ఒళ్ళు మండింది. మొగుడి మీద, అత్త కాలు మీద, వాకిట్లోని ఆ ప్లాస్టిక్ కుర్చీ మీద, అన్నిటికంటే ఎక్కువ తన మీద. ఎనిమిది నెలల్లో తన నోటితో ఒక్క మాట చెప్పింది లేదు. చెప్పమన్నవాళ్ళూ లేరు. చెప్పాలని తనకూ తోచలేదు.

కొంగు బిగించింది. "అందరు లోపలికి రాండ్రి," అంది. "గుంటలున్నాయన బయటికి రాడు గద. మనమే పోదాం."

మగ్గం ఇంట్లోకి పోవడం దగ్గరే మొదటి పేచీ వచ్చింది. పటేల్ కుర్చీ ఎత్తి గడప లోపల పెట్టబోయాడు. పడుగు నూలు ఇంటికి ఆ చివరి నుంచి ఈ చివరకు పరిచి ఉంది. కుర్చీ కాలు తగిలితే నాలుగు దారాలు తెగుతాయి. గుర్వమ్మ చాపిన కాలు ముడుచుకుని ఒక్క ఉదుటున లేచింది. మగ్గం ఇంట్లో కుర్చీ వేసినవాణ్ణి తన అత్త చూడలేదు, అత్త అత్త చూడలేదు, తానూ చూడబోనని కుర్చీని పట్టుకుంది. పటేల్ మోకాళ్ళ సంగతి ఏకరువు పెట్టాడు. గుర్వమ్మ తన మోకాళ్ళ సంగతి అంతకు రెండింతలు ఏకరువు పెట్టింది. చివరికి కుర్చీ వాకిట్లో ఉండిపోయింది. పటేల్ గోడ పట్టుకుని, అమ్మా అయ్యా అనుకుంటూ, కిందకు దిగి చాప మీద కూలబడ్డాడు.

నరసింహ గడప బయటే నిలబడ్డాడు. అలవాటు.

"లోపలికి రా నర్సిమ్మన్నా," అంది ఆండాళు.

అతను పటేల్ వైపు చూశాడు. పటేల్ ఇంటి కప్పు వైపు చూశాడు. నరసింహ చెప్పులు విడిచి, దప్పు గోడకు ఆనించి, చాపకు ఆ కొసన కూర్చున్నాడు. చాప ఒకటే. ఇంట్లో ఉన్నదే ఒకటి.

గుంటలో కాళ్ళు పెట్టుకున్న గండయ్య, నేల మీది వీళ్ళు, అందరి తలలూ ఒకే ఎత్తున ఉన్నాయి. మగ్గం ఇల్లు ఎప్పుడూ అంతే. ఆండాళు రోజూ చూసేదే. ఈరోజు మాత్రం చూసి కాస్త ధైర్యం తెచ్చుకుంది.

ముందు అత్తను అడిగింది, నీకు మొదటి దట్టి ఎందుకని. గుర్వమ్మ చెప్పనంది. చెప్పకపోతే లేదంది ఆండాళు. గుర్వమ్మ కాసేపు కుడకల దండ సర్దుకుంది. తర్వాత ఎవరినో తిడుతున్నట్టు మొహం పెట్టి చెప్పింది. ఓట్లప్పుడు మొక్కుకుందట, కోడలు గెలిస్తే మొదటి దట్టి తన చేత్తో కడతానని.

ఆండాళు అత్త మొహంలోకి వంగి చూసింది. ఓట్లప్పుడు ఈమె వాడవాడా తిరిగి చెప్పింది ఇంకోటి. ఇది గెలిస్తే నాకు బువ్వెవరు పెడతారని.

"బయటికట్ల అన్న. లోపల గిట్ల మొక్కిన," అంది గుర్వమ్మ. "గాని నువ్వు గెలిచినవానే? గెలిచింది గుంటల కూసున్న గా మొద్దు. ఇయ్యాల నువ్వు నోరిప్పి మాట జెప్తే గెలిచినట్టు. లేకుంటే నేను దట్టి గట్టుడే దండుగ."

నాడె ఒక్క క్షణం తడబడింది. మళ్ళీ అందుకుంది.

ఆండాళుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్త ముందు ఏడిస్తే ఇంకో నెల ఎత్తిపొడుస్తుందని నూలు దుమ్ము పడినట్టు కళ్ళు నలుపుకుని నరసింహ వైపు తిరిగింది.

నరసింహ పెద్దగా ఏమీ చెప్పలేదు. అతని బిడ్డ హారికకు మహబూబ్‌నగర్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. వస్తే పీరుకు దట్టి కడతానని ఆ పిల్ల మొక్కుకుంది. ఊరి రివాజు ఏమంటే, వాడకట్టు వాళ్ళు దట్టి కొట్టం దాకా తెచ్చి అక్కడ పెట్టిన చాటలో వేయాలి. చాటలోంచి ఇంకొకరు తీసి కడతారు. తాతలనాటి నుంచీ అంతే. దప్పు వాళ్ళది కావాలి, దట్టి కట్టే చేయి మాత్రం వాళ్ళది కాకూడదు.

"నాకు మొదలు గాదక్కా, కడాకు గట్టినా సరే," అన్నాడు నరసింహ, గొంతు పెంచకుండా. "గండయ్యన్న మొదలిస్త అన్నడు, సరే అన్న. గాని మేం చాటల మాత్రం ఎయ్యం. నా బిడ్డ దాని చేత్తోని గట్టాలె. రేపు దవాఖానల ఆమె సూదిస్త అంటే, చాటల వెట్టి ఇయ్యమంటరా మీరు?"

హమీద్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. గుర్వమ్మ ఆపుకోనే లేదు. పటేల్ నవ్వలేదు. సూది మాట రాగానే ఆయన చేయి తనకు తెలియకుండానే మోకాలి మీదికి పోయింది. నెలకోసారి ఆ మోకాలికి సూది పడుతోంది.

ఇక పటేల్ వంతు. ఆయన చాలాసేపు చెప్పాడు. వాళ్ళ తాత కట్టాడు, నాయిన కట్టాడు, తాను నలభై ఏళ్ళు కట్టాడు. ముందు గట్టిగానే మొదలుపెట్టాడు గానీ, చెబుతూ చెబుతూ గొంతు తగ్గింది. కుర్చీ పోయింది. బండి కట్టమంటే కట్టే మనిషి లేడు. కొడుకులు కొత్తకోటలో రోడ్డు పక్కన దుకాణం పెట్టుకుని ఊరి మొహం చూడరు. ఏడాదికొక్కసారి పీరు ముందు పేరు పెట్టి పిలుస్తారు, అదొక్కటే మిగిలింది.

"అదిగూడ బోతే నేనెవన్నమ్మా ఈ ఊర్ల," అన్నాడు.

ఆండాళు దీనికి సిద్ధంగా లేదు. కోపం పెట్టుకుని కూర్చున్న మనిషికి ఎదుటివాడి మీద జాలి కలిగితే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆమె పడుగు దారాలు సవరిస్తూ కూర్చుంది. నాడె మాత్రం నడుస్తోంది.

ఆ నాడె చప్పుడే పటేల్‌కు దారి చూపించినట్టుంది. ఆయన మగ్గం మీది గుడ్డ చుట్ట వైపు చూసి, దట్టి బాగా పొడుగొచ్చింది గదా, ఒక్క దట్టే తలా కొంత చొప్పున అందరికీ సరిపోతుంది గదా అన్నాడు. మొదట నేసిన కొస తనదనీ, ఆ తర్వాతది ఎవరు ఏ చేత్తో కట్టుకున్నా తాను అడ్డం రాననీ అన్నాడు. చాట సంగతి కూడా ఇక ఎత్తనన్నాడు. మొదట నేసిన కొస ఒక్కటిస్తే చాలు.

నాడె ఆగింది. తిండికి తప్ప పొద్దుటి నుంచి ఆగనిది ఇప్పుడు ఆగింది.

గండయ్య మొహం వెలిగిపోయింది. మగ్గం చాటు నుంచి ఆండాళుకు కన్ను గీటాడు. ఒప్పుకో, ఒప్పుకో అని గడ్డం ఊపాడు. గుర్వమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

సంగతి నేతపని ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది. మొదట నేసిన కొస చుట్టలో అన్నిటికంటే లోపల ఉంటుంది. దట్టిని చుట్ట చుట్టినట్టే కొట్టానికి తీసుకుపోయి పీరు ముందే విప్పుతారు. విప్పితే ముందు వచ్చేది చివర నేసింది. మొదట నేసింది వచ్చేది అందరి తర్వాత. పటేల్ మొదటిది అడుగుతున్నాననుకుని చిట్టచివరిది అడుగుతున్నాడు. నలభై ఏళ్ళు దట్టి కట్టిన మనిషి, ఒక్కసారి కూడా అది చుట్టడం చూడలేదు.

ఒక్క తలకాయ ఊపితే చాలు. దప్పు మోగుతుంది, పీరు లేస్తుంది, గండయ్య ఇచ్చిన మాటలన్నీ గట్టెక్కుతాయి. ఆండాళుకు నవ్వు తన్నుకొచ్చింది. తల ఊపబోయింది.

ఊపబోయి, రేపటి కొట్టం కళ్ళ ముందుకొచ్చి ఆగింది. ఊరంతా గుమిగూడి ఉంటుంది. పటేల్ కొత్త తలపాగా చుట్టుకుని ముందుకొచ్చి నిలబడతాడు. చుట్ట విప్పుతూనే ఉంటారు. ఆయన చేయి చాపుకుని నిలబడే ఉంటాడు. ఎవరో ఒకరు ముందు కిసుక్కుమంటారు, తర్వాత అందరూ అందుకుంటారు.

అలాంటి నవ్వు ఆండాళుకు తెలుసు. సర్పంచుల మీటింగ్‌కు పోయిన మొదటి రోజు తలుపు దగ్గర ఎవరో ఆపి, ఆడవాళ్ళు బయట కూర్చోండి, లోపలికి సర్పంచులే అన్నారు. లోపల గండయ్య చాయ్ తాగుతున్నాడు. ఈమే సర్పంచి అని తెలిశాక గదిలో అందరూ నవ్వారు. గండయ్యా నవ్వాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె కూర చేయలేదు. ఎందుకు చేయలేదో ఎవరూ అడగలేదు.

"పటేలా, ఆ కొస అడుగకు," అంది ఆండాళు. "అది అన్నిటికన్న లోపలుంటది. రేపు విప్పితే అందరి తర్వాత నీది వస్తది."

గండయ్య నుదురు కొట్టుకున్నాడు.

పటేల్‌కు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి. గండయ్య వైపు చూశాడు. గండయ్య నాడెలో కండె మార్చే పనిలో పడ్డాడు. కండె నిండుగానే ఉంది.

"ఊకుంటే అయిపోతుండె గద. ఎందుకు జెప్పినవ్?" అన్నాడు పటేల్.

"రేపు నిన్ను జూసి ఊరంత నవ్వుతది. చాటల గుడ్డ ఏసేటప్పుడు వీళ్ళను జూసి నవ్వినట్టు. నాకు ఆ నవ్వు వద్దు, ఈ నవ్వు వద్దు."

నరసింహ తలెత్తి ఆమెను చూశాడు. ఇప్పటిదాకా ఆమెను అతను కండెలు చుట్టే గండయ్యన్న భార్యగానే చూశాడు.

ఆండాళు అక్కడితో ఆగలేదు. రేపు కొట్టం ముందు చాట ఉండదని చెప్పింది. ఎవరి దట్టి వాళ్ళ చేత్తోనే కట్టాలని చెప్పింది. ముందు ఎవరొస్తే వాళ్ళే ముందు. పటేల్ పేరు పెట్టి పిలుస్తారు, గుర్వమ్మ పేరు పెట్టి పిలుస్తారు, హారిక పేరు పెట్టి పిలుస్తారు. సర్పంచిగా చెబుతున్నాననబోయి, ఆ మాట నోటికి కొత్తగా ఉండి, "నేను జెప్తున్న," అని మాత్రం అంది.

ముందొచ్చినవాళ్ళే ముందయితే తాను ఇప్పుడే పోయి కొట్టం గుమ్మంలో కూర్చుంటానని గుర్వమ్మ దండ సర్దుకుంది. దప్పు అందరికంటే ముందు నడుస్తుంది గదా, అలా చూస్తే రేపు ముందుండేది తామేనని నరసింహ మెల్లగా అన్నాడు. ఆ మాట ఆండాళుకు తోచనే లేదు. హమీద్‌కు తోచింది గానీ పైకి అనలేదు.

ఇక మిగిలింది పటేల్. ఆయన ఇక్కడ నుంచి లేచి అరుగెక్కి నలుగురిని పిలిస్తే ఊరు రెండు ముక్కలవుతుంది. ఊ అని పోతే పండుగ అవుతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే అందరూ ఆయన మొహమే చూస్తున్నారు.

"ఆలోచన చేసి చెప్త," అని ఆయన లేవబోయాడు.

లేవలేకపోయాడు. ఒక చేయి నేల మీద ఆనించాడు. ఇంకో చేయి గోడ మీద వేశాడు. మోకాళ్ళు టక్కుమన్నాయి తప్ప మనిషి లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ కూలబడ్డాడు. పట్టుకుందామంటే ముందు పడుగు నూలు, ముట్టుకుంటే గుర్వమ్మ ఊరుకోదు. ఆయన కుర్చీ వాకిట్లో ఎండలో ఉంది.

హమీద్ తలుపు దగ్గర ఉన్నాడు. పడుగు దాటి రావాలంటే చుట్టూ తిరగాలి. పక్కన ఉన్నది నరసింహ ఒక్కడే. అతను లేచి, ఒక అడుగు ముందుకు వేసి, చేయి చాపాడు. దప్పు కొట్టీ కొట్టీ కాయలు కాసిన చేయి.

పటేల్ ఆ చేతిని చూశాడు. ఆండాళును చూశాడు. తర్వాత తల తిప్పి, "గండయ్యా, నువ్వు రా. జర పట్టుకో," అన్నాడు.

గండయ్య నాడె ఆపాడు. అయితది పో అనే మాట ఆయన పెదవుల దాకా రావడం ఆండాళు కళ్ళారా చూసింది. నరసింహ చేయి ఉండగా ఆయన గుంటలోంచి లేస్తే ఆమె చెప్పిన మాట అక్కడే పోతుంది.

గండయ్య ఒకసారి భార్య వైపు చూశాడు. ఒకసారి తల్లి వైపు చూశాడు. తర్వాత తల వంచుకుని, మగ్గంతో మాట్లాడుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"నేను లేవరాదు పటేలా. దట్టి ఇంక కొయ్యలే."

గండయ్య ఒకరి మొహం మీద కాదనడం ఆండాళు వినడం అదే మొదటిసారి.

నాడె మళ్ళీ కదిలింది. పటేల్ చాప మీదే ఉన్నాడు. నరసింహ చేయి చాపినట్టే ఉంది.